వాగు ఇసుక మీద స్లాబ్ బ్రిడ్జికి సెంట్రింగ్: వానలు దగ్గర పడ్డాయి, కాళ్లు ఎక్కడ నిలబెట్టాలి?

వాగుసైట్ | మే 9, రాత్రి 9:20

అందరికీ నమస్తే. ఖమ్మం జిల్లాలో ఒక వాగు మీద ఐదు స్పాన్ల బ్రిడ్జి పని చూస్తున్నాను. ఒక్కో స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) 10 మీటర్లు, సాలిడ్ స్లాబ్, మందం 750 మి.మీ., వెడల్పు 8.4 మీటర్లు. పునాదులు, పియర్లు (స్తంభాలు), వాటి పైన పియర్ క్యాపులు అయిపోయాయి. వాగు అడుగు నుంచి స్లాబ్ అడుగుకి సుమారు 5 మీటర్ల ఎత్తు. మూడు స్పాన్ల కింద పొడి ఇసుక. నాలుగో స్పాన్ కింద సన్నటి పాయ ఇంకా పారుతోంది. ఐదో స్పాన్ కింద నల్లమట్టి గట్టు.

సెంట్రింగ్‌కి (స్లాబు గట్టిపడేదాకా కింద మోసే తాత్కాలిక చట్రం, స్టేజింగ్ అన్నా అదే) సబ్ కాంట్రాక్టర్ కప్‌లాక్ సామాను, అంటే కప్పుల్లో బిగించే ఉక్కు పైపులు, దింపాడు. ఇసుక చదును చేసి, చెక్క ముక్కలు పరిచి, వాటి మీద బేస్ జాకులు (కాలి కింద ఎత్తు సర్దే మర పాదాలు) పెట్టి లేపేద్దాం అంటున్నాడు. స్టేజింగ్ డ్రాయింగ్ ఏది అని అడిగితే నవ్వాడు. మా మేనేజర్‌కేమో జూన్ మొదటి వారంలోగా కనీసం మూడు స్లాబులు పడాలి. నాకు టెన్షన్‌గా ఉంది. ఇసుక ఇంత బరువు మోస్తుందా? మధ్యలో నీళ్లు వస్తే ఏంటి పరిస్థితి? ఇలాంటి పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.

సైట్‌బాస్ | మే 9, రాత్రి 9:52

బ్రో, ఇంత కంగారు అక్కర్లేదు. వాగుల మీద బ్రిడ్జిలన్నీ ఇలాగే కట్టారు. పూర్వం సరుగుడు బాదులు పాతి, వాటి మీద చెక్కలు కొట్టి స్లాబులు పోశారు. ఇప్పుడు ఉక్కు పైపులు వచ్చాయి, ఇంకా భయమేంటి? సామాను అద్దె రోజు లెక్కన పరిగెడుతుంది. డ్రాయింగులు, అప్రూవల్స్ అని కూర్చుంటే నిజంగానే వానలు వచ్చేస్తాయి.

రిటైర్డ్ డీఈ | మే 9, రాత్రి 10:45

బాబూ, భయాలు పక్కన పెట్టి ముందు బరువు లెక్క చూసుకో.

పచ్చి కాంక్రీటు ఘనపు మీటరుకు 2.6 టన్నులు అనుకుంటే 750 మందానికి చదరపు మీటరుకు 1.95 టన్నులు. ప్లేట్లు, వాటిని మోసే ఛానళ్లు (ఉక్కు దూలాలు), మనుషులు, వైబ్రేటర్లు, పైపులోంచి కాంక్రీటు ఒకేచోట గుట్టగా పడటం, వీటన్నిటికీ ఇంకో 0.35 వేస్తే 2.3 అవుతుంది. నిలువు పైపులు 900కి 900 దూరంలో పెడితే ఒక్కో కాలి వాటాకి 0.81 చదరపు మీటరు, అంటే సుమారు 1.86 టన్నులు. అడ్డ పైపులు సరిగా ఉంటే కప్‌లాక్ కాలికి ఇది లెక్కలోది కాదు.

చిక్కంతా కింద ఉంది. బేస్ ప్లేటు 150కి 150. ఆ బరువు నేరుగా ఆ ప్లేటు కిందే పడితే చదరపు మీటరుకు 80 టన్నులు దాటుతుంది. వాగు ఇసుకకి, అదీ పొడిగా ఉన్నప్పుడు, 10 టన్నులు ఇస్తే గొప్ప. 225 మి.మీ. వెడల్పు ప్లాంకు వరస పొడవునా పరిస్తే కాలికి 0.2 చదరపు మీటరు దొరుకుతుంది, ఒత్తిడి 9 టన్నుల పైచిలుకుకి దిగుతుంది. కాగితం మీద పాస్ అయిపోయినట్టే. కానీ నీటి మట్టం ప్లాంకు దాకా లేచిందంటే అదే ఇసుక బలం ఇంచుమించు సగమైపోతుంది. వాగు లోపల ఉన్న ఇసుకకి నేనైతే మొదటినుంచీ 5 టన్నులే ఇస్తాను. అప్పుడు పట్టీ వెడల్పు 450 ఉండాలి. రెండు ప్లాంకులు పక్కపక్కన వేసి, వాటికి అడ్డంగా ఛానల్ ముక్క పెట్టి, దాని మీద బేస్ జాక్. లేదా ఇసుకని నీళ్లతో తడిపి రోలర్ తిప్పి, గ్రావెల్ పొర వేసి, పైన 150 మందం లీన్ కాంక్రీటు (సిమెంటు తక్కువ కలిపినది) పట్టీ పోయాలి. మీ సబ్ కాంట్రాక్టర్ చెప్పే చెక్క ముక్కలు కాలికొకటి విడివిడిగా ఉంటే ఒక కాలు దిగినా పక్క కాలికి తెలియదు, దాని బరువు మాత్రం పక్కదాని మీద పడుతుంది. పట్టీ వరసంతా కలిసి ఉండాలి.

నల్లమట్టి గట్టు సంగతి ఇంకా జాగ్రత్త. ఎండలో ఇనుములా ఉంటుంది. ఒక్క వాన పడితే కాలు దిగబడుతుంది.

కాలువగట్టు | మే 10, ఉదయం 6:30

డీఈ గారు నల్లమట్టి గురించి చెప్పింది అక్షరాలా నిజం. మాది కోనసీమ. మా దగ్గర బ్రిడ్జిలన్నీ కాలువల మీదే, పనులన్నీ వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే. నీళ్లు ఆపాక అడుగు బురద రెండు వారాలైనా ఎండదు. పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది, గునపం వేస్తే మూరెడు లోపలికి పోతుంది. ఆ బురద ఎత్తి పోసి, ఇటుక ముక్కలూ గ్రావెలూ నింపి, ఆ పైన పట్టీ పోస్తారు. జూన్‌లో నీళ్లు వదిలే తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి మా కాలువ పనుల్లో అదొక్కటే సుఖం. వాగుకి తేదీ ఉండదు.

బాదుల గురించి ఒక మాట. సరుగుడు బాదు మీద కట్టిన రోజుల్లో స్పాన్లు చిన్నవి, స్లాబు మందం తక్కువ, ఎత్తూ తక్కువే. అదే నమ్మకం 5 మీటర్ల ఎత్తుకి, 750 మందానికి పనికిరాదు సైట్‌బాస్ గారూ.

సెంట్రింగ్ మేస్త్రి | మే 10, ఉదయం 7:15

నేను ఇంజనీర్ని కాదండీ, సెంట్రింగ్ ముఠా నడుపుతాను. చేతితో చేసేవాడిగా నాలుగు మాటలు.

మొదట యూ జాకులు (కాలి పైన ఛానల్‌ని పట్టే యూ ఆకారపు మర తలలు) చూడండి. మరను బయటికి ఎంత తిప్పారన్నది ముఖ్యం. ఎత్తు చాలలేదని కుర్రాళ్లు మర చివరిదాకా తిప్పేస్తారు. పై అడ్డ పైపుకీ ఛానల్‌కీ మధ్య ఆ ముక్కకి ఏ ఆధారమూ ఉండదు, మొదట వంగేది అదే. జానెడు మించి బయటికి వచ్చిందంటే నేను ఇంకో చిన్న నిలువు పైపు కలిపిస్తాను. రెండోది, యూ లోపల ఛానల్ ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. అటూ ఇటూ చెక్క చీలలు కొట్టి సరిగ్గా మధ్యకి తేవాలి, లేకపోతే బరువు ఓరగా దిగుతుంది.

ఐమూల పైపులు తప్పనిసరి. కప్‌లాక్‌లో అడ్డ పైపు బిగిస్తే చట్రం గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కింద నిలబడి రెండు చేతులతో ఒక కాలు పట్టుకుని ఊపి చూడండి, పైన ప్లేట్లు కదిలితే ఐమూలలు చాల్లేదన్నట్టు. వాటిని ఎటైనా తిరిగే స్వివెల్ క్లాంపులతో నిలువు పైపులకే, జాయింటు దగ్గరగా పట్టించాలి. కట్టు తీగతో కట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి.

పోసే ముందు రోజు సాయంత్రం సుత్తి పట్టుకుని ప్రతి కాలినీ తట్టుకుంటూ పోతాను. బరువు పట్టిన కాలు మొద్దుగా మోగుతుంది. పట్టని కాలు ఖంగుమంటుంది. దాని బేస్ జాక్ నట్టు తిప్పి బిగించాలి. ఒక్క కాలు ఖాళీగా ఉన్నా చుట్టూ ఉన్న నాలుగూ దాని వాటా మోస్తాయి.

వాగుసైట్ | మే 10, ఉదయం 8:05

మేస్త్రి గారూ, వచ్చిన సామానులో యూ జాకులు మూడు రకాలున్నాయి, కొన్నిటి మర అరిగిపోయి నట్టు జారుతోంది. అవి పక్కన పెట్టించాను.

డీఈ సార్, అడ్డ పైపులు ఎంత ఎత్తుకొకటి పెట్టాలి? వాళ్లు రెండు మీటర్లకి ఒకటి అంటున్నారు.

రిటైర్డ్ డీఈ | మే 10, ఉదయం 9:10

మీటరుకి తగ్గించు, మరీ కాకపోతే మీటరున్నర. ఆధారం లేని పొడవు మీటరు నుంచి రెండు మీటర్లకి పెరిగితే 48 మి.మీ. పైపు మోసే బరువు సగం కన్నా కిందికి పోతుంది. అద్దె సామాను వంకరపోయి, తుప్పుపట్టి, వెల్డింగు అతుకులతో ఉంటుంది కాబట్టి కంపెనీ పట్టికలో ఉన్న అంకెని అలాగే నమ్మకు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 87, ఐఎస్ (భారత ప్రమాణం) 14687 రెండూ తెచ్చుకుని చదువు. మొదటిది రోడ్డు వంతెనల ఫార్మ్‌వర్కు, స్టేజింగ్ కోసమే రాసింది.

థేమ్స్ తెలుగు | మే 10, మధ్యాహ్నం 2:40

నేను యూకేలో టెంపరరీ వర్క్స్ (స్టేజింగ్ లాంటి తాత్కాలిక కట్టడాలు) డిజైన్ చేస్తుంటాను. పైన అందరూ నిలువు బరువు గురించే మాట్లాడారు. పడిపోయిన స్టేజింగులు చాలావరకు పక్కకి వాలి పడిపోయినవే. ఇక్కడ బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5975 ప్రకారం లెక్కలో గాలి లేకపోయినా, నీళ్లు లేకపోయినా, నిలువు బరువులో కనీసం 2.5 శాతం అడ్డంగా తోస్తోందనుకుని డిజైన్ చేయాలి. మీ స్పాన్‌కి అన్నీ కలిపి 190 టన్నుల దాకా ఉంది, అంటే ఇంచుమించు 5 టన్నుల తోపు. అది ఎటువైపైనా రావచ్చు. ఆ 5 టన్నుల్ని ఐమూల పైపులు నేలకైనా దింపాలి, లేదా మీరు ఇప్పటికే కట్టేసిన పియర్లకైనా అప్పగించాలి. పియర్లు చేతిలో ఉండగా వాడుకోకపోవడం దండగ. స్టేజింగ్ రెండు చివర్లూ పియర్‌కి ఆనించి, పైపులతో పియర్ చుట్టూ బిగించండి.

ఈ నియమాల వెనక ఒక నది ఉంది. 1972 అక్టోబరు 24న ఇంగ్లండులో రెడింగ్ పట్టణం దగ్గర లోడన్ నది మీద వంతెనకి కాంక్రీటు పోస్తుండగా ఫాల్స్‌వర్క్ (స్టేజింగ్) కూలి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత స్టీఫెన్ బ్రాగ్ అధ్యక్షతన కమిటీ వేస్తే 1975లో తుది నివేదిక వచ్చింది. ప్రతి సైటులో తాత్కాలిక కట్టడాలకి బాధ్యత వహించే మనిషి ఒకరుండాలన్నది అందులో ముఖ్యమైన సిఫారసు. ఇప్పుడు ఇక్కడ టెంపరరీ వర్క్స్ కోఆర్డినేటర్ సంతకం పెట్టనిదే పంపు స్టార్ట్ కాదు. విప్పడానికి మళ్లీ వేరే సంతకం. మీ సైటులో ఆ సంతకం ఎవరిది? డ్రాయింగ్ అడిగితే నవ్విన మనిషిదా?

సైట్‌బాస్ | మే 10, మధ్యాహ్నం 3:30

లండన్ రూల్స్ ఇక్కడ చెప్పడం తేలిక సార్. మన బిల్లులో స్టేజింగ్ అనే ఐటమే విడిగా ఉండదు. కాంక్రీటు రేటులోనే ఇంత శాతం ఫార్మ్‌వర్కు అని కలిపేస్తారు. ఎత్తు పెరిగితే ఆ శాతం కాస్త పెరుగుతుంది, అంతే. కింద ఇసుకా, బండా, బురదా అన్న తేడా ఎస్టిమేటులో ఎక్కడుంది? పట్టీలకి, గ్రావెల్‌కి, డిజైనర్ ఫీజుకి డబ్బు ఎవరిస్తారు?

ఎస్టిమేట్ శాఖ | మే 10, సాయంత్రం 5:05

సైట్‌బాస్ గారి బాధలో నిజం ఉంది, నేను రేట్లు కట్టే పనిలోనే ఉన్నాను. కానీ లెక్క ఇంకోవైపు నుంచి చూడండి. లీన్ కాంక్రీటు పట్టీ 450 వెడల్పు, 150 మందం, స్పాన్ కింద 9 మీటర్ల పొడవు వరసలు పది అనుకుంటే 6 ఘనపు మీటర్ల చిల్లర. స్లాబులో పోసేది 63. మీ మొత్తం ఖర్చులో ఇదెంత? ఒక స్లాబు అడుగు 30 మి.మీ. దిగి వంకరైతే దాన్ని కొట్టి మళ్లీ పోయడానికి ఎవరూ బిల్లు ఇవ్వరు.

మూడో సంవత్సరం సివిల్ | మే 10, సాయంత్రం 6:20

స్టూడెంట్‌ని, అడగొచ్చా? అసలు వాగులో కాళ్లు పెట్టే గొడవ లేకుండా గిర్డర్లు (పొడవాటి కాంక్రీటు దూలాలు) గట్టున పోసుకుని క్రేన్‌తో పెట్టేయొచ్చు కదా? ఇంకా పెద్ద లోతైన నదుల్లో సెంట్రింగ్ ఎలా నిలబెడతారు?

ఎస్టిమేట్ శాఖ | మే 10, సాయంత్రం 6:50

10 మీటర్ల స్పాన్‌కి సాలిడ్ స్లాబే చవక, మినిస్ట్రీ స్టాండర్డ్ డ్రాయింగులు కూడా ఉన్నాయి. గిర్డర్ అంటే కాస్టింగ్ యార్డు, లోపలి ఉక్కు తీగల్ని లాగి బిగించే ప్రీస్ట్రెస్ జాకులు, పెద్ద క్రేన్, ఆ క్రేన్ దిగడానికి వాగులోకి రోడ్డు. 20, 30 మీటర్ల స్పాన్లకి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఐదు చిన్న స్పాన్లకి కాదు.

రిటైర్డ్ డీఈ | మే 10, రాత్రి 8:15

గిర్డర్ పెట్టేస్తే తాత్కాలిక ఆధారాల బెడద పోతుందనుకోకు నాయనా. పక్క గిర్డర్లతో కలిపి డయాఫ్రమ్ (వాటిని కలిపే అడ్డ గోడ), డెక్ (పై స్లాబు) పడేదాకా అదీ ఒంటరిగా నిలబడిన సన్నటి గోడే. 2024 ఏప్రిల్‌లో పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉన్న వంతెన గిర్డర్లు రాత్రిపూట ఈదురుగాలికి కిందపడ్డాయి. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు.

థేమ్స్ తెలుగు | మే 10, రాత్రి 11:30

స్టూడెంట్ తమ్ముడికి. లోతైన నదుల్లో ఇప్పుడు బ్యాలెన్స్‌డ్ కాంటిలివర్ పద్ధతి వాడతారు. పియర్ మీద నుంచి రెండు వైపులా సమానంగా ముక్క ముక్క పోసుకుంటూ పోతారు, షట్టరింగ్ మొత్తం పోసిన భాగానికే వేలాడుతూ ముందుకు జరుగుతుంది. నదిలో ఒక్క కాలూ ఉండదు.

అంతకు ముందు ఏం చేశారన్నది ఇంకా రుచిగా ఉంటుంది. ఫ్రాన్సులో బ్రెస్ట్ దగ్గర ఎలోర్న్ నది సముద్రంలో కలిసే చోట 1930లో పూర్తయిన ప్లుగాస్టెల్ వంతెనకి మూడు పెద్ద కాంక్రీటు ఆర్చీలు. ఒక్కోటీ 180 మీటర్ల పైన. దాని ఇంజనీరు ఫ్రెసినే ఒకే ఒక్క చెక్క సెంట్రింగ్ చేయించి, దాన్ని పడవల మీద తేలించి, సముద్రపు పోటుతో పైకి లేపి, పాటుతో దింపి, మూడు ఆర్చీలకీ అదే వాడాడు. స్విట్జర్లాండులో 1930 నాటి సాల్గినాటోబెల్ వంతెన ఇంకో రకం తెలివి. లోయ అడుగు నుంచి రిచర్డ్ కోరే కట్టిన చెక్క సెంట్రింగ్ మొత్తం వంతెనని మోయనక్కర్లేదు. వంతెన డిజైన్ చేసిన మైయార్ ముందు పల్చటి ఆర్చి పలక పోయించాడు. అది గట్టిపడ్డాక పై గోడల బరువు మోయడంలో అదే చేయి కలిపింది. దాంతో సెంట్రింగ్ తేలిగ్గా సరిపోయింది.

అన్నీ ఇలా బాగా జరగలేదు. స్వీడన్‌లో ఓంగర్మాన్ నది మీద 264 మీటర్ల సాండో ఆర్చి పోస్తుండగా 1939 ఆగస్టు 31న చెక్క సెంట్రింగ్ కూలి 18 మంది చనిపోయారు. మర్నాడే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, ఆ వార్త పత్రికల్లో మూలకి పోయింది. వంతెన మళ్లీ మొదలుపెట్టి 1943లో పూర్తి చేశారు.

వాగుసైట్ | మే 11, ఉదయం 7:40

సాల్గినాటోబెల్ గురించి చదివాక ఐడియా వచ్చింది. నా స్లాబు కూడా ముందు 350 పోసి, వారం ఆగి, మిగతా 400 పోస్తే స్టేజింగ్ మీద బరువు సగం అవుతుంది కదా?

రిటైర్డ్ డీఈ | మే 11, ఉదయం 8:30

వద్దు. స్లాబు మందం మధ్యలో అడ్డంగా జాయింటు వస్తుంది. స్లాబు వంగేటప్పుడు రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి జారాలని చూసేది సరిగ్గా అక్కడే. వాటిని కలిపి పట్టుకునే స్టీలు నీ డ్రాయింగులో లేదు. మైయార్ ఆ వంతెన మొత్తాన్ని ఆ వరస ప్రకారమే డిజైన్ చేశాడు. నీ డిజైనర్ రాసిస్తే తప్ప ఆ పని చేయకు. ఒకే దఫా పోయాలి, చల్లటి జాయింటు రాకుండా.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను: నీళ్లు. ఐఆర్‌సీ 6లో పారే నీటి ఒత్తిడికి సూత్రం ఉంది. చదరపు మీటరుకు కిలోల్లో 52 ఇంటూ కె ఇంటూ వేగం వర్గం. కె అంటే ఆకారాన్ని బట్టి మారే అంకె: గుండ్రటి కాలికి 0.66, చదును ముఖానికి 1.5. నీళ్లు సెకనుకి 2 మీటర్ల వేగంతో మీటరు లోతున వచ్చాయనుకో. ఒక్కో పైపు మీద పడేది 7 కిలోలు కూడా ఉండదు. అందుకే చాలామంది నీళ్లని లెక్కలోకి తీసుకోరు. కానీ మొదటి వరద ఒట్టి నీళ్లు తేదు. తుమ్మ కంపలు, పత్తి కట్టె, ఒడ్డున పారేసిన చెత్త మొత్తం ఊడ్చుకొస్తుంది. అవన్నీ నీ 900 దూరం కాళ్ల మధ్య ఇరుక్కుని దడి కట్టేస్తాయి. ఇప్పుడు 9 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు గోడ. చదరపు మీటరుకు 312 కిలోల చొప్పున 2.8 టన్నులు తోస్తుంది. దడి వెనక నీళ్లు ఎగదన్ని, కింద సందు వెతుక్కుని, నీ పట్టీల కింద ఇసుకని తవ్వుకుపోతాయి. స్టేజింగ్ తోపుకి పడిపోవడం ఒకెత్తు, కింద నేల లేకుండా పోవడం ఇంకొకెత్తు.

ఇంకోటి. మీ దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నా పైన ఎక్కడో వాన పడితే వాగు వస్తుంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం ఇళ్లలోకి వచ్చిన రోజు మీ జిల్లావాళ్లకి నేను గుర్తు చేయక్కర్లేదు.

కాలువగట్టు | మే 11, ఉదయం 9:00

పాయ పారే స్పాన్ కింద హ్యూమ్ పైపులు (నీళ్లు పోయే కాంక్రీటు గొట్టాలు) వేసి మట్టి కప్పేసి దాని మీద కాళ్లు నిలబెడతామంటారు, ఒప్పుకోకండి. చిన్న వరదకే ఆ కట్ట తెగుతుంది. తెగినప్పుడు మట్టితో పాటు మీ స్టేజింగూ పోతుంది.

సైట్‌బాస్ | మే 11, ఉదయం 10:15

సరే ఒప్పుకున్నా. మరి నాలుగో స్పాన్ ఎలా చేయమంటారు? నీళ్లలో నిలబెట్టొద్దు, కట్ట వేయొద్దు, గిర్డర్ గిట్టదు.

థేమ్స్ తెలుగు | మే 11, మధ్యాహ్నం 1:20

కాళ్లు మధ్యలో లేకుండా పియర్ నుంచి పియర్‌కి ఐ సెక్షన్లు (ఐ ఆకారపు ఉక్కు దూలాలు, జాయిస్టులన్నా అవే) వేయండి. పియర్ల పునాది ఫుటింగ్ మీదే రెండు చివర్లా ట్రెసిల్స్ (వాటిని మోసే ఉక్కు చట్రాలు) నిలబెడితే వాటి కింద ఇసుక బెడద ఉండదు. నడి స్పాన్ ఎనిమిదిన్నర మీటర్లు అనుకుని వేసి చూశాను. ఐఎస్ఎంబీ 500 (500 మి.మీ. ఎత్తువి) జాయిస్టులు 900 దూరంలో వేస్తే స్ట్రెస్ హాయిగా సరిపోతుంది, 450 కూడా సరిపోతుంది. చూడాల్సింది వంగడం. 500 అయినా నిండు బరువుకి మధ్యలో 16 మి.మీ. దాకా కిందికి వస్తుంది. ప్యాకింగులతో ముందే మధ్యలో అంత పైకి కట్టుకోవాలి, లేదంటే స్లాబు అడుగు బొజ్జ వేలాడినట్టు ఉంటుంది. జాయిస్టులు పక్కకి తిరగబడకుండా ఒకదానికొకటి ఐమూలగా కట్టాలి. ఆనే చోట వెబ్ (జాయిస్టు మధ్య నిలువు పలక) నలిగిపోకుండా స్టిఫ్నర్ ప్లేట్లు వెల్డ్ చేయించండి, జాయిస్టులు వేసేచోట మొదట దెబ్బతినేది అదే. పది జాయిస్టులకి 8 టన్నుల లోపు స్టీలు. ఒక సెట్టు ఉంటే మిగతా స్పాన్లకీ తిప్పుకోవచ్చు.

ఇవి ఫోరంలో వేసిన లెక్కలు. మీ డిజైనర్ చేత మళ్లీ వేయించి, సంతకం తీసుకుని వాడండి.

సెంట్రింగ్ మేస్త్రి | మే 11, రాత్రి 8:40

జాయిస్టులు వేస్తే దించే ఏర్పాటు ముందే ఆలోచించుకోండి. స్లాబు గట్టిపడ్డాక జాయిస్టుల మీద బరువు పట్టే ఉంటుంది, సుత్తితో కొట్టినా రావు. మేం ట్రెసిల్ మీద ఇసుక పెట్టెలు పెడతాం. ఉక్కు పెట్టెలో ఎండిన సన్న ఇసుక, పైన పిస్టన్‌లా కూర్చునే దిమ్మ, అడుగున బోల్టు బిరడా. బిరడా తీస్తే ఇసుక సన్నగా కారుతుంది, జాయిస్టు నెమ్మదిగా దిగుతుంది. వానకి తడవకుండా పెట్టెకి కవర్ కట్టాలి, తడిస్తే ఇసుక కారదు.

పోసేటప్పుడు పంపు పైపుని స్టేజింగ్‌కి కట్టనివ్వకండి. ప్రతి స్ట్రోక్‌కీ పైపు కుదుపుతుంది, ఆ కుదుపు మొత్తం కాళ్లకి తగులుతుంది. దానికి వేరే ఆధారం పెట్టండి.

ఎస్టిమేట్ శాఖ | మే 11, రాత్రి 9:30

విప్పడం గురించి ఎవరూ అడగలేదు. ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకి ప్రాప్‌లు (కింది కాళ్లు) 14 రోజులు ఉంచాలి, ఆరు మీటర్లు దాటిన బీములకి 21. అది ఓపీసీ (మామూలు) సిమెంటుకి. పీపీసీ (బూడిద కలిపినది) వాడుతుంటే ఇంకా ఆగాలి, లేదా క్యూబులు (నమూనా కాంక్రీటు దిమ్మలు) సైటులోనే స్లాబు పక్కన క్యూరింగ్ చేసి పరీక్షించి నిర్ణయించాలి. మీ స్లాబు 10 మీటర్లు కాబట్టి 21 రోజుల కన్నా తగ్గించకండి. విప్పేది మధ్య నుంచి మొదలుపెట్టి పియర్ల వైపు. చివర్ల నుంచి విప్పుకుంటూ వస్తే మధ్య కాళ్లు మొత్తం బరువు మోస్తాయి.

క్యాలెండర్ చూడండి. మే 20న పోస్తే జూన్ 10 దాకా వాగులో కాళ్లుంటాయి.

వాగుసైట్ | మే 12, రాత్రి 10:10

ఈ రోజు మీటింగ్ అయింది. ఈ థ్రెడ్ మొత్తం ప్రింట్ తీసి మేనేజర్ ముందు పెట్టాను. 2.8 టన్నుల దడి లెక్క చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. నిర్ణయమైంది ఇది: ఒకటి, రెండు స్పాన్లు పొడి ఇసుక మీద లీన్ కాంక్రీటు పట్టీలతో ఇప్పుడే. డిజైనర్ డ్రాయింగ్ రెండు రోజుల్లో పంపుతానన్నాడు. నాలుగో స్పాన్ జాయిస్టులతో, డిసెంబరులో. మూడు, ఐదు కూడా అప్పుడే. ఎగువ ఊళ్లో ఒక మనిషికి ఫోన్ చేసే బాధ్యత అప్పగించాం, వాగు కదిలితే చెబుతాడు.

సైట్‌బాస్ | మే 12, రాత్రి 10:35

సబ్ కాంట్రాక్టర్ ఒప్పుకున్నాడా?

వాగుసైట్ | మే 12, రాత్రి 10:50

పట్టీల ఖర్చు మెయిన్ కాంట్రాక్టరే పెట్టుకుంటానన్నాక ఒప్పుకున్నాడు.

వాగుసైట్ | మే 23, సాయంత్రం 6:15

మొదటి స్పాన్ నిన్న పడింది. థేమ్స్ తెలుగు అన్న ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పినట్టు స్లాబు అడుగు నుంచి తొమ్మిది చోట్ల తీగలు వేలాడదీసి, కింద పాతిన మేకుల మీద గీతలు పెట్టాం. స్టేజింగ్‌కి తగలకుండా నిలబడి ఒక కుర్రాడు గంటగంటకీ చూసి రాశాడు. సగం పోసేసరికి 2 మి.మీ., మొత్తం అయ్యాక 4. ఒక మూల మాత్రం 7 వచ్చింది. అక్కడ పోయడం ఆపి, ఇంకో వైపు పోయించాం. తర్వాత అది కదల్లేదు. ఆ మూల పట్టీ చివర కింద నీళ్ల ట్యాంకర్ కారి ఇసుక తడిసినట్టు కనిపించింది.

రిటైర్డ్ డీఈ | మే 23, రాత్రి 8:00

4 మి.మీ. మామూలే. జాయింట్లు సర్దుకోవడం, చెక్క నలగడం కలిపి ఆ మాత్రం వస్తుంది. 7 వచ్చిన మూల పట్టీ చివర సిమెంటు బస్తాలతో కట్టించు, ట్యాంకర్‌ని అటు రానివ్వకు. రేపటి నుంచి విప్పేదాకా రోజుకి రెండుసార్లు ఆ తొమ్మిది గీతలూ చూడాలి. క్యూరింగ్ నీళ్లు కూడా స్లాబు అంచు నుంచి నేరుగా కాళ్ల దగ్గరికే కారతాయి, అంచుకి మట్టి కట్ట వేసి పైపుతో దూరంగా వదలండి.

వాగుసైట్ | మే 23, రాత్రి 8:20

క్యూరింగ్ నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు సార్. పొద్దున్నే చేయిస్తా. రెండో స్పాన్ పట్టీలు ఎల్లుండి పోస్తున్నాం. గీతల రీడింగులు వారానికోసారి ఇక్కడే పెడతాను.